ట్యాంకర్ల పుస్తకం, మీటరు ఫోటోలు, బోరు రీడింగులు: వీటిలోంచి జవాబు రాబట్టడం ఎలా?

బెళ్ళందూరు_48:

నమస్కారమండి. బెంగళూరులో బెళ్ళందూరు వైపున్న 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు గురించి ఈ ప్రశ్న. నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: కావేరి కనెక్షన్, రెండు బోర్లు, ట్యాంకర్లు. ప్రతి ఫ్లాటుకీ మూడు షాఫ్టుల్లోంచి పైపులు దిగుతాయి కాబట్టి ఫ్లాటుకి మూడు మీటర్లు, మొత్తం 144. ఉంటున్నవాళ్లు సుమారు 150 మంది.

14 నెలల లెక్కలున్నాయి కానీ ఒక్కోటి ఒక్కో చోట. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు చేత్తో రాసే ట్యాంకర్ల పుస్తకం. మోటారు గదిలో బోరు మీటర్ల రీడింగు, రోజుకొకసారి, మధ్యమధ్య ఖాళీలతో. ప్లంబరు నెలకొకసారి అన్ని మీటర్లకీ ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వాటిని చూసి ఎవరో ఒకరు ఎక్సెల్‌లో కొడతారు, నెలకొక షీటు. ఒక నెల ‘ఏ-101’, ఇంకో నెల ‘101 ఏ’. కావేరి బిల్లులు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి.

కమిటీ అడుగుతున్నవి మూడు. ట్యాంకరు వాళ్లు చెప్పినన్ని నీళ్లు దించుతున్నారా? లోపలికొచ్చిన నీళ్లకీ ఫ్లాట్లు వాడిన నీళ్లకీ తేడా ఎంత? లీకు ఏ ఫ్లాటులో ఉంది? అన్నీ ఒకే షీటులోకి కాపీ చేస్తే 60 కాలమ్‌లు తేలాయి, జవాబు మాత్రం ఒక్కటీ తేలలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా?


వరుసాకాలమూ:

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదండి. 144 మీటర్లు, 14 నెలలు, అంటే 2,016 రీడింగులు. నెలకి 30 ట్యాంకర్లనుకున్నా 420 వరుసలు. బోర్లు రెండూ కలిపి 850 లోపు. అంతా 3,300 వరుసలు దాటదు. గూగుల్ షీట్‌కి ఇది చాలా చిన్న పని. చిక్కంతా పేర్చిన తీరులో ఉంది.

షీటు తెరవకముందే కమిటీ ప్రశ్నలు మూడూ కాగితం మీద రాయండి. ఒక్కోదాని కింద, దాన్ని తేల్చాలంటే ఏ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాలో రాయండి. ట్యాంకరు ప్రశ్నకి: వాళ్లు చెప్పిన లీటర్లు, సంపులో పెరిగిన మట్టం. తేడా ప్రశ్నకి: వచ్చిన నీళ్లు, 144 మీటర్ల మొత్తం, రెండూ ఒకే తేదీల మధ్య. లీకు ప్రశ్నకి: ఒక మీటరు ఈ నెల రోజువారీ వాడకం, అదే మీటరు పాత రోజువారీ వాడకం. ఇలా రాయగానే ఒకటి బయటపడుతుంది. సంపు మట్టం మీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. 14 నెలల ట్యాంకర్ల పుస్తకాన్ని ఎంత చక్కగా సర్దినా మొదటి ప్రశ్నకి అది జవాబు చెప్పలేదు. ఆ కాలమ్ ఇవాళే మొదలుపెట్టండి. మిగతా రెండు ప్రశ్నలకీ ఉన్న లెక్కలు చాలావరకు పనికొస్తాయి.

ఇక పేర్చడం. 60 కాలమ్‌లు ఎందుకొచ్చాయంటే నెలల్ని అడ్డంగా పరిచారు. కొత్త నెల వచ్చినప్పుడల్లా కాలమ్ పెరుగుతుంది, పాత ఫార్ములాలన్నీ మళ్లీ సవరించాలి. దీనికి బదులు ఒక వరుసలో ఒక సంఘటనే ఉండాలి: ఫలానా తేదీన, ఫలానా మీటరులో, ఫలానా అంకె కనిపించింది. అంతే. కొత్త నెల వస్తే కింద 144 వరుసలు చేరతాయి, కాలమ్‌లు కదలవు. నెలలు అడ్డంగా చూడాలనిపిస్తే పైవట్ టేబుల్ (వరుసల్ని కూడి పట్టికగా చూపే షీటు సదుపాయం) క్షణంలో చూపిస్తుంది. రాసుకునే రూపం వేరు, చూసే రూపం వేరు. రెండింటినీ ఒకే షీటుతో కానివ్వాలనుకుంటే అక్కడే ముడిపడుతుంది.

మీకు ఐదు షీట్లు కావాలి.

‘మీటర్లు’: మీటరు మీద చెక్కి ఉన్న సీరియల్ నంబరు, అది ఏ ఫ్లాటుది, ఎక్కడుంది, బిగించిన తేదీ, అప్పటి రీడింగు, తీసేసిన తేదీ, అప్పటి రీడింగు.
‘రీడింగులు’: తేదీ, సీరియల్ నంబరు, అంకె, చదివినవారు, ఫోటో లింకు.
‘ట్యాంకర్లు’: తేదీ, సమయం, బండి నంబరు, చెప్పిన లీటర్లు, ముందు మట్టం, తర్వాత మట్టం, ఇచ్చిన డబ్బు.
‘రాబడి మీటర్లు’: కావేరి మీటరు, రెండు బోర్ల మీటర్లు, రోజువారీ.
‘నివాసులు’: ఫ్లాటు, ఎంతమంది, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు.

రీడింగు వరుసలో ఫ్లాటు నంబరు రాయకండి. సీరియల్ నంబరు ఉంటే చాలు, ఫ్లాటు ఏదో ‘మీటర్లు’ షీటులో వెతికి లుకప్ ఫార్ములా తెస్తుంది. ఒకే సంగతి రెండు చోట్ల రాస్తే ఏదో ఒక రోజు ఒకచోట మారుస్తారు, రెండోచోట మరిచిపోతారు. 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతికి (లెక్కల్ని విడి పట్టికల్లో ఉంచి, అవసరమైనప్పుడు కలిపే పద్ధతి) ఆయువుపట్టు ఇదే. 48 ఫ్లాట్ల లెక్కకీ అది అంతే అవసరం.

శుభ్రం చేసేటప్పుడు ముడి లెక్కని ముట్టుకోవద్దు. అసలు షీట్లకి కాపీ తీసి తాళం వేయండి. సవరించిన విలువ పక్క కాలమ్‌లో, ఎందుకు సవరించారో ఆ పక్కన. మూడు నెలల తర్వాత ఎవరో ‘ఈ 419 ఎక్కడిది?’ అంటారు. అప్పుడు చూపించడానికి అసలుండాలి.

ఎక్కువమంది పడే గోతులు ఇవి.

తేదీలు. గూగుల్ షీట్ లొకేల్ (ఏ దేశపు పద్ధతి వాడాలన్న సెట్టింగ్) అమెరికా అని ఉంటే 03/04/2024 అని కొట్టినప్పుడు మార్చి 4గా తీసుకుంటుంది. 13/04/2024ని తేదీగానే గుర్తించక మాటగా వదిలేస్తుంది. అంటే నెలలో మొదటి 12 రోజులు చప్పుడు లేకుండా తారుమారవుతాయి, మిగతావి మాటలుగా మిగిలిపోతాయి. మామూలుగా తేదీ గడిలో కుడివైపు ఒదుగుతుంది, మాట ఎడమవైపు. కాలమ్ సగం ఎడమకీ సగం కుడికీ ఉంటే ఈ జబ్బే. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియా చేసి, తేదీలు 2024-04-03 రూపంలో కొట్టండి.

అంకెలు. ‘412 లీ’ అని గడిలో కొడితే అది అంకె కాదు, మాట. సమ్ ఫార్ములా దాన్ని కిక్కురుమనకుండా వదిలేస్తుంది, మొత్తం తగ్గిపోతుంది, ఎర్రగుర్తు కూడా రాదు. యూనిట్ కాలమ్ పేరులో రాయండి, గడిలో వద్దు.

ఖాళీ, సున్నా. చదవలేదంటే ఖాళీ. చదివితే సున్నా ఉందంటే సున్నా. ఖాళీల్లో సున్నా నింపితే ఆ నెల వాడకం పెద్ద మైనస్‌లో, మరుసటి నెల ఆకాశంలో ఉంటుంది.

‘లోడు’. సెక్యూరిటీ పుస్తకంలో ‘2 లోడ్లు’ అని ఉంటే దానికి విలువ లేదు. ట్యాంకర్లు 6,000, 8,000, 12,000 లీటర్లవి ఉంటాయి. బండి నంబరు రాసి ఉంటే సామర్థ్యం వెనక్కి పట్టుకోవచ్చు. లేకపోతే ఆ వరుసల్ని పక్కన పెట్టండి, ఊహించి నింపకండి.

ఇంకొక్కటి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన సమయం ఉండదు, పంపేటప్పుడు ఆ వివరాలు పోతాయి. ప్లంబరు సోమవారం తీసి గురువారం పంపితే మీకు గురువారమే కనిపిస్తుంది. ఫోటోని డాక్యుమెంటుగా పంపమనండి, లేదా మీటరు పక్కన తేదీ రాసిన చీటీ పెట్టి తీయమనండి.


మోటారుగది:

పైన చెప్పింది షీటులోకి చేరాక సంగతి. షీటులోకి చేరకముందు, మీటరు దగ్గర, సంపు దగ్గర జరిగేవి చెప్తాను. అక్కడ తప్పితే ఏ ఫార్ములా సరిచేయలేదు.

ఇళ్లకి బిగించే మెకానికల్ మీటర్లలో సాధారణంగా నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్ర అంకెలు అందులో భాగాలు. నల్లవి 412, ఎర్రవి 735 ఉంటే అది 412.735 కిలోలీటర్లు. ఒకరు 412 కొడతారు, ఇంకొకరు 412735 కొడతారు. ఎవరు ఎలా కొట్టినా మారకుండా ఉంటే బతకొచ్చు. మనిషి మారిన నెల దెబ్బతింటుంది. సులువైన కట్టుబాటు: ప్రతిసారీ ఎర్ర అంకెలతో సహా లీటర్లలోనే కొట్టాలి. ఇంత రీడింగుకి ఇన్ని అంకెలుండాలని షీటులో డేటా వాలిడేషన్ పెట్టండి, తక్కువ కొడితే ఒప్పుకోదు.

నెలకి ఎన్నో తారీఖున చదివారన్నది చాలా పెద్ద సంగతి. జూన్ 28న ఒకసారి, ఆగస్టు 3న ఒకసారి, ఆగస్టు 29న ఒకసారి చదివారనుకోండి. మొదటిది 36 రోజులు, రెండోది 26 రోజులు. రోజుకి కచ్చితంగా 500 లీటర్లు వాడే ఇల్లు మొదటిసారి 18,000, రెండోసారి 13,000 చూపిస్తుంది. ‘మీరు 5,000 లీటర్లు తగ్గించారు, మెచ్చుకోలు’ అని నోటీసు పెడితే నగుబాటు. ఎప్పుడూ తేడాని రోజులతో భాగించాకే పోల్చాలి.

ట్యాంకరు కొలత. మీ సంపు లోపలి కొలతలు తీయండి, బయటివి కాదు. ఉదాహరణకి 5 మీటర్లు × 4 మీటర్లు ఉంటే అడుగు 20 చదరపు మీటర్లు, ఒక సెంటీమీటరు మట్టం అంటే 200 లీటర్లు. 6,000 లీటర్ల బండి 30 సెంటీమీటర్లు పెంచాలి. లోపల పిల్లర్లు ఉంటే వాటి వైశాల్యం తీసేయండి. బండి దించేటప్పుడు పైకి ఎక్కించే పంపు ఆపాలి, కావేరి వాల్వ్ కట్టేయాలి, బోరు ఆపాలి. ఇది మరిస్తే కొలతే దండగ. నిమిషానికి 200 లీటర్లు తోడే పంపు పది నిమిషాలు నడిచిందంటే 10 సెంటీమీటర్లు మాయం, ట్యాంకరు వాడిమీద అన్యాయంగా నింద. దించాక నీళ్లు కుదురుకోవడానికి ఐదు నిమిషాలు ఆగి, గుర్తులు గీసిన స్టీలు కర్ర దించి చూడాలి.

ఒక్క కొలత చూసి గొడవకి దిగకండి. కర్రతో కొలిస్తే సెంటీమీటరు అటూఇటూ పోతుంది, అంటే 200 లీటర్లు, 6,000లో మూడు శాతం పైనే. బండి నంబరు వారీగా పదేసి లోడ్ల సగటు తీయండి. అప్పుడు తేలేది గట్టిగా నిలబడుతుంది. ఒకే సప్లయర్ బండ్లలో ఒకటి సరిగా దించి ఇంకొకటి తక్కువ దించడం ఆ సగటులోనే కనిపిస్తుంది.

బోరు గురించి. మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాసి దాన్ని నీళ్లుగా లెక్కగట్టేవాళ్లున్నారు. వేసవిలో ఊట తగ్గుతుంది, గంటలు అవే ఉంటాయి, నీళ్లు ఉండవు. మీకు మీటరుంది కాబట్టి ఇంకో మంచి పని చేయవచ్చు: బోరు మోటారు కరెంటు మీటరు రీడింగు పక్కన రాయండి, యూనిట్లని కిలోలీటర్లతో భాగించండి. 7.5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద 5.6 కిలోవాట్లు తీసుకుంటుందనుకుంటే, గంటకి 3,000 లీటర్లు వచ్చినప్పుడు కిలోలీటరుకి 1.9 యూనిట్లు, 1,800 లీటర్లకి పడిపోతే 3.1 యూనిట్లు. రెండు పుస్తకాల్లో విడివిడిగా ఏ అర్థమూ లేని అంకెలు, కలిపితే బోరు ఎండిపోతోందని నెల ముందే చెప్తాయి.

కావేరి మీటరుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. నీళ్లు ఆగి ఆగి వచ్చే లైనులో మొదట గాలి దూసుకొస్తుంది, మీటరు గాలికీ తిరుగుతుంది. రోజూ సరఫరాకి ముందూ తర్వాతా సంపు మట్టం కొన్నాళ్లు పోల్చి చూడండి.


బెళ్ళందూరు_48:

ఇద్దరికీ ధన్యవాదాలండి. షీట్లు అలాగే విడగొట్టాం. తేదీల్లో మొదటి 12 రోజుల తారుమారు ఉన్నమాట నిజమే, సరిచేశాం. సంపు లోపలి కొలతలు మీ ఉదాహరణలో ఉన్నవే, 5 × 4 మీటర్లు.

పోయిన నెల, 30 రోజులకి, ఇలా తేలింది. కావేరి 240 కిలోలీటర్లు, బోర్లు 310, ట్యాంకర్లు 28 లోడ్లు 6,000 లీటర్ల చొప్పున 168. మొత్తం రాబడి 718. ఫ్లాట్ల మీటర్ల మొత్తం 590. తోట, మెట్లు కడగడం వగైరాకి వేరే మీటరు, 38. నెల మొదట్లో కంటే చివర్లో సంపు, పై ట్యాంకుల్లో కలిపి 6 ఎక్కువ నిల్వ ఉంది. తేడా 84 కిలోలీటర్లు. 10 లోడ్లు కర్రతో కొలిస్తే సగటున 26 సెంటీమీటర్లు పెరిగింది. 84 ఎక్కడికి పోయినట్టు?


మోటారుగది:

నిల్వ తేడా తీసేయడం గుర్తుంచుకున్నారు, చాలామంది అదే మరుస్తారు.

26 సెంటీమీటర్లంటే 5,200 లీటర్లు. లోడుకి 800 తక్కువ, 28 లోడ్లకి 22.4 కిలోలీటర్లు. ఇవి పోయిన నీళ్లు కావు, మీ దగ్గరికి రానే రాలేదు. మిగిలింది 61.6. రోజుకి సుమారు 2,050 లీటర్లు, గంటకి 85. నెలకి 61 కిలోలీటర్లంటే పెద్ద పైపు పగిలినట్టు భయమేస్తుంది. గంటకి 85 అంటే నిమిషానికి లీటరున్నర లోపు. ఇలా విడగొడితే ఏం వెతకాలో తెలుస్తుంది.

చూడాల్సినవి ఈ వరుసలో. ముందు సంపు: రాత్రి వచ్చేవీ పోయేవీ అన్నీ ఆరు గంటలు ఆపి మట్టం చూడండి. గంటకి 85 పోతుంటే 510 లీటర్లు, మీ సంపులో రెండున్నర సెంటీమీటర్లు దిగాలి. దిగకపోతే సంపు మంచిదే. తర్వాత పై ట్యాంకుల ఓవర్‌ఫ్లో పైపు: ఫ్లోట్ స్విచ్ ఆలస్యంగా ఆపితే రోజూ కాసిని పోతాయి, ఎండకి ఆరిపోతాయి కాబట్టి పగలు ఎవరికీ కనిపించదు. పైపు మూతికి ఒక బకెట్ వేలాడదీస్తే తేలిపోతుంది.

ఈ రెండూ కాకపోతే మీటర్లు పట్టని ధార. క్లాస్ బీ (మీటరు కచ్చితత్వపు తరగతి), 15 మిల్లీమీటర్ల మీటరుకి కనీస ప్రవాహం గంటకి 30 లీటర్లు. అంతకంటే సన్నగా పారితే కొలతకి హామీ లేదు, మరీ సన్నదైతే మీటరు కదలనే కదలదు. ఫ్లష్ ట్యాంకు గంటకి 5 లీటర్లు కారితే బిల్లులో రాదు. అలాంటివి 17 ఉంటే చాలు, మీ 85 లీటర్లు పూర్తయ్యాయి. ఫ్లష్ ట్యాంకులో కాస్త వంటరంగు వేసి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలాగి కమోడ్‌లో చూడమనండి. రంగు కనిపిస్తే వాషర్ పోయినట్టే. ఇది 48 ఫ్లాట్లలోనూ ఒకే ఆదివారం చేయించండి.


పద్దుపుస్తకం:

అంకెలు తేలాక కమిటీ చేసే తప్పు ఒకటుంది, అందుకే రాస్తున్నాను. ‘ఎక్కువ వాడిన పది ఫ్లాట్లు’ అని జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు. ఆరుగురున్న ఇల్లు, ఇద్దరున్న ఇల్లు పక్కపక్కన. అది అన్యాయం, పైగా తప్పుదారి పట్టిస్తుంది. అంకెని దేంతో భాగించాలో తేల్చకుండా బయట పెట్టకూడదు.

మీ లెక్కే చూడండి. 590 కిలోలీటర్లు, 30 రోజులు, 150 మంది: మనిషికి రోజుకి 131 లీటర్లు. మన దేశంలో నగర నీటి సరఫరా ప్రణాళికల్లో వాడే ప్రమాణం 135. ఇళ్లలో వాడకం మామూలుగానే ఉంది. కాబట్టి జనాన్ని మందలించే నోటీసు అక్కర్లేదు, దృష్టి ఆ 61 మీద, ట్యాంకర్ల మీద ఉండాలి. ఇది తెలియడానికి ‘నివాసులు’ షీటు ఒక్కటే కారణం. అద్దెవాళ్లు మారినప్పుడు పాత సంఖ్యని చెరిపి కొత్తది రాయకండి. పాతదానికి ముగింపు తేదీ వేసి కొత్త వరుస చేర్చండి, లేకపోతే పాత నెలల లెక్కలన్నీ వెనక్కి వెళ్లి మారిపోతాయి.

నీళ్లు, భాగహారం, లేని కాలమ్ అంటే ఇంగ్లండు వైద్యుడు జాన్ స్నో గుర్తుకొస్తాడు. 1854లో లండన్‌లో కలరా. చనిపోయినవాళ్ల చిరునామాల జాబితా ప్రభుత్వ రిజిస్ట్రార్ దగ్గర అప్పటికే ఉంది. దక్షిణ లండన్‌లో ఒకే వీధిలో రెండు కంపెనీల పైపులు ఉండేవి, ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్లో మాత్రం జాబితాలో లేదు. స్నో ఇంటింటికీ వెళ్లి ఆ ఒక్క కాలమ్ నింపాడు. ఇంటివాళ్లకి తెలియకపోతే నీళ్లలో ఉప్పుశాతం సిల్వర్ నైట్రేట్‌తో చూసి కంపెనీని పోల్చుకున్నాడు. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ నీళ్లు వచ్చే 40,046 ఇళ్లలో 1,263 మరణాలు, ల్యాంబెత్ నీళ్లు వచ్చే 26,107 ఇళ్లలో 98. పదివేల ఇళ్లకి 315, 37. ల్యాంబెత్ కంపెనీ 1852లోనే థేమ్స్‌లో ఊరి మురుగు కలవని ఎగువకి తన తోడే చోటు మార్చుకుంది. మరణాల జాబితా అందరికీ అందుబాటులో ఉన్నదే. దానికి కంపెనీ పేరు చేర్చి, ఇళ్లతో భాగించాక గానీ అది మాట్లాడలేదు. మీ పుస్తకంలో సంపు మట్టం అలాంటి కాలమే.

డబ్బు వైపు కూడా ఇదే భాగహారం. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు నగర జిల్లా డిప్యూటీ కమిషనర్ ట్యాంకర్లకి ధర కట్టారు: 6,000 లీటర్లకి 5 కిలోమీటర్ల లోపు 600 రూపాయలు, 5 నుంచి 10 మధ్య 750, 12,000 లీటర్లకి అవే దూరాలకి 1,000, 1,200. లోడు ధర చూస్తే చిన్న బండి చవక. కిలోలీటరుతో చూస్తే దగ్గరి దూరానికి చిన్న బండి 100, పెద్దది 83. మీరు 750 ఇస్తున్నారనుకుంటే కాగితం మీద కిలోలీటరు 125, దిగింది 5,200 అయితే 144. సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు ‘తక్కువ పోస్తున్నారు’ అనడం కంటే బండి నంబరు, పది కొలతలు, ఈ రెండు ధరలు ఉన్న ఒక్క కాగితం చేతికివ్వండి.

సగటు ఒక్కటే చూపించకండి. ఒక ఫ్లాటులో పైపు పగిలి 90 కిలోలీటర్లు పోతే 48 ఫ్లాట్ల సగటు దాదాపు 2 కిలోలీటర్లు పెరుగుతుంది, అందరూ తామే ఎక్కువ వాడామనుకుంటారు. మీడియన్ (ఫ్లాట్లని వాడకం వరుసలో పేరిస్తే సరిగ్గా నడిమి విలువ) దాదాపు కదలదు. రెండూ పక్కపక్కన పెడితే, సగటు పెరిగి మీడియన్ అలాగే ఉందంటే ఎవరో ఒకరిద్దరి దగ్గర చూడాలని అర్థం.

14 నెలల గీతలో ఎక్కడైనా కొత్త కావేరి కనెక్షన్ వచ్చిందా? 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలయ్యాక, రోజుకి 775 మిలియన్ లీటర్ల ఆ పథకం శివార్లలోని 110 గ్రామాల కోసం కాబట్టి, చాలా అపార్ట్‌మెంట్లకి మధ్యలో కనెక్షన్ వచ్చింది. మీదీ అలాగైతే ఆ తేదీ దగ్గర నిలువుగీత గీసి, ముందూ తర్వాతా విడిగా లెక్కగట్టండి. ట్యాంకర్లు తగ్గడం పొదుపు వల్ల కాదని ఆ గీత లేకపోతే చూసేవాళ్లకి తెలియదు.


బెళ్ళందూరు_48:

వంటరంగు పరీక్ష ఈ ఆదివారం పెట్టాం. రెండు సందేహాలు మిగిలాయి. 11 మీటర్లకి వాడకం మైనస్ వస్తోంది. ఇంకా, తాళం వేసి ఉన్న నాలుగు ఫ్లాట్లలో ఒకదానికి నెలకి 7 కిలోలీటర్లు చూపిస్తోంది. ఇన్నాళ్లూ ఆ గడుల్లో పాత నెల సగటు నింపేవాళ్లం.


వరుసాకాలమూ:

సగటు నింపడం ఆపేయండి. నింపితే ఈ రెండు సంగతులూ మీకు ఎప్పటికీ కనిపించేవి కావు. అంచనా వేయక తప్పకపోతే ‘అసలు/అంచనా’ అని ఒక కాలమ్ చేర్చి గుర్తు పెట్టండి. అసలు రీడింగు దొరికాక రెండు నెలలకీ కలిపి లెక్క సరిపోవాలి.

మైనస్‌లకి కారణాలు నాలుగే ఉంటాయి, ఈ క్రమంలో చూడండి. ఒకటి, లీటర్లకీ కిలోలీటర్లకీ కలగాపులగం: తేడా వెయ్యింతలుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. రెండు, 1కీ 7కీ, 0కీ 6కీ పొరపాటు: ఫోటో తెరిచి చూస్తే తీరిపోతుంది. మూడు, మీటరు మార్చారు: కొత్తది సున్నా దగ్గర మొదలవుతుంది. ‘మీటర్లు’ షీటులో పాతదాని చివరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు రాస్తే ఆ నెల వాడకం రెండు ముక్కల మొత్తం అవుతుంది. పాతదాని చివరి రీడింగు ఎవరూ రాయకపోతే ఆ నెలని ఖాళీగా ఉంచండి. నాలుగు, ఒక నెల రెండు ఫోటోలు అటుదిటు పడ్డాయి: ఒక మీటరు మైనస్, అదే నెల ఇంకో మీటరు అంతకి అంత ఎక్కువ. ఆ 11ని తేదీ వారీగా పేర్చండి. ఒకే నెలలో గుమికూడితే ఆ నెల కొట్టిన మనిషి పద్ధతిలో తేడా, విడివిడిగా ఉంటే మీటర్లలో తేడా.


మోటారుగది:

తాళం వేసిన ఫ్లాటు సంగతి నేను చెప్తాను. ముందు అదే షాఫ్టులో, పై అంతస్తు, కింది అంతస్తు, పక్క ఫ్లాటు మీటర్లు చూడండి. ఎవరైనా కాపురముంటున్న ఇంటికి ఆ షాఫ్టులో వాడకం సున్నా దగ్గర ఉందా? ఉంటే రెండు మీటర్లూ ఫ్లాట్ల పేర్లు మార్చుకున్నాయి. మొదట్లో రాసిన చిట్టాలోనే తప్పు, బిల్లులు ఇన్నాళ్లూ ఒకరివి ఒకరు కట్టారు. తేల్చడానికి ఆ కాపురమున్న ఇంట్లో ఒక్క కుళాయి తిప్పమని, ఒకరు షాఫ్టు దగ్గర నిలబడి ఏ మీటరు తిరుగుతోందో చూడాలి. తిరిగిన దాని సీరియల్ నంబరు అక్కడికక్కడే ఫోటో తీయండి.

అలా లేకపోతే నిజంగానే లోపల కారుతోంది. ఫ్లాటు ఇన్‌లెట్ వాల్వ్ తెరిచే ఉంచి, మీటరు ముఖం మీద చిన్న నక్షత్రం ఆకారపు చక్రం చూడండి. ఇల్లు తాళం వేసి ఉండగా అది తిరుగుతుంటే ఇంటివాళ్లకి ఫోన్ చేసి చెప్పి, వాల్వ్ కట్టేయండి. 7 కిలోలీటర్లంటే గంటకి దాదాపు 10 లీటర్లు, ఆ ధారకి చక్రం చాలా మెల్లగా, ఆగి ఆగి కదులుతుంది. కనీసం ఐదు నిమిషాలు చూడండి, అరనిమిషం చూసి వచ్చేయొద్దు. ఇంకో మాట: మీటరు ఆ సన్నధారలో కొంతే లెక్కించి ఉంటుంది, నిజంగా పోయినవి 7 కంటే ఎక్కువే. మీ 61లో ఆ మిగతా భాగం ఉండొచ్చు, వాల్వ్ కట్టిన తేదీని షీటులో రాసి వచ్చే నెల తేడా మళ్లీ కట్టండి.